ట్రాక్టర్ల వరుసలో ఇటుకల ఆట

తోతాపురి మామిడికాయల లోడుతో తులసీరాం నిన్నటి నుంచి బంగారుపాళ్యం దగ్గర గుజ్జు ఫ్యాక్టరీ బయట ట్రాక్టర్ల వరుసలో ఉన్నాడు. కాయలు మెత్తబడితే ఫ్యాక్టరీ తీసుకోదు. ముందు బండి కదిలినప్పుడు తను నిద్రలో ఉంటే ఇంకెవరో ఆ జాగాలో దూరతారు. అందుకని రోడ్డు పక్క చింతచెట్టు కింద కూర్చుని ఫోనులో ఆట ఆడుతున్నాడు. వేలితో గురి చూసి వదిలితే బంతి ఎగిరి ఇటుకలను పగలగొడుతుంది. పగిలేకొద్దీ పైనుంచి కొత్త వరుస దిగుతుంది.

వెనక బండి పరంధామయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఎన్ని పగలగొట్టినా వస్తానే ఉండాయే. ఇదేం ఆటప్పా?"

"నిద్ర రాకుండా ఉండేదానికన్నా."

"ఇట్లియ్యి. నేను ఆడతా మేలుకోనుంటా. నువ్వు రవ్వంతసేపు పడుకో, బండి కదిల్తే లేపుతా."

"నీకు ఆడేది వస్తాదా?"

"రాకపోతే పోయేది నీ ఆటే గదా, నా కాయలు కాదు."

తులసీరాం తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. బంతి టక్కుటక్కుమంటుంటే కళ్లు మూతపడ్డాయి.

ఆ చప్పుడు ఆగిపోయాక మెలకువ వచ్చింది. పరంధామయ్య చెట్టుకు ఆనుకుని నిద్రపోతున్నాడు. వరుసలో ముందు రెండు బండ్ల జాగా ఖాళీ అయింది, పక్కనుంచి ఒక ట్రాక్టర్ అటే తిరుగుతోంది. తులసీరాం చెప్పులు లేకుండా పరుగెత్తి తన బండిని ముందుకు నడిపాడు. మళ్లీ వెనక్కి వెళ్లి పరంధామయ్య బండిని కూడా తెచ్చి తన వెనక ఆపాడు.

ఆయన లేవలేదు. తులసీరాం ఆయన ఒడిలోంచి ఫోను తీసుకుని, ఆటను మొదటినుంచి మొదలుపెట్టాడు.