తాడు కట్టిన ఇప్పచెట్టు

రాలిన ఆకులు ఏరి తూకం వేసుడు కూడా ఒక చదువేనా అని శ్రావణిని అడగని మనిషి కారేపల్లి పక్కన వాళ్ల తండాల ఒక్కరు లేరు. అడగరా మరి? పర్యావరణ శాస్త్రం డిగ్రీ ఆఖరి ఏడాదిల ఉన్న ఆడపిల్లను అడవికి పంపి, చెట్ల కింద నలుచదరంగ తాడు కట్టించి, ఆ గడిల పడ్డ ఆకును వారం వారం ఎండబెట్టి తూకం పెట్టమంటే ఎవరికైనా నవ్వు రాదా! వాళ్ల నాయిన దస్రు మాత్రం నవ్వలేదు. "ఈ ఎండాకాలం దాకా చూస్త బిడ్డా. గా ఆకు లెక్కలు తీయించే సంస్థోళ్లు నౌకరి ఇస్తే సరే, లేకుంటే ఖమ్మంల బట్టల షాపుకు పోవుడే. మీ అక్క సరళ పొద్దంత నిలబడి చీరలు చూపిస్తలేదా? ఆమె కాళ్లేమన్న విరిగినయా?" అన్నడు.

అడవి తన నేలకు తనే ఎంత ఎరువు వేసుకుంటదో ఆ ఆకు తూకంతోటి తెలుస్తదట. ఆ మాట క్లాసుల విన్ననాడే శ్రావణికి ఆ పని మీద మనసు పడ్డది. కాలేజీ పిల్లలతోటి ఈ లెక్కలు తీయిస్తున్న సంస్థ, మంచిగ చేసినోళ్లల్ల ఒకరికి నౌకరి ఇస్తనన్నది. ఆ ఒక్కరు తనే కావాలె. ఇంకో దారి ఆమె తలకాయల లేదు.

భద్రాచలం రోడ్డు మీద అడవి అంచున ఒక కోయగూడెం. అక్కడ చిన్న గది కిరాయికి తీసుకున్నది. గూడెం వెనక ఐదు ఇప్పచెట్ల కింద తాళ్లు కట్టింది. ఇంట్ల మాట్లాడేది లంబాడీ, కాలేజీల తెలుగు, ఇక్కడ చుట్టూ వినవడేది కోయ మాట. ఆమెను ఒక మాట అన్నోళ్లు లేరు, పాపం, పలకరించినోళ్లూ లేరు. ఫోన్ మాట్లాడాలంటే కల్వర్టు ఎక్కి నిలబడాలె. ఒకనాడు పొద్దుగూకే దాకా తన గొంతు తనకే వినవడలేదని గుర్తొచ్చి, ఆకు తూకం వేసే తరాజును చూసి "చెప్పమ్మా, ఇయ్యాల ఎంత?" అని అడిగింది. అడిగినంక ఏడుపు ఆగలేదు.

మొదట్ల లెక్క మంచిగనే వచ్చింది. తీరా ఇప్పచెట్లు ఆకంత దులుపుకునే రోజులు వచ్చినయ్, అసలు తూకమంత అప్పుడే. ఆ శనివారం పోయి చూస్తే ఐదు గళ్లూ ఖాళీ! నేల అద్దం లెక్క ఉన్నది. పై వారమూ గట్లనే, ఆ పై వారమూ గట్లనే. అప్పటికి పూత మొదలై, చుట్టుపక్కల చెట్ల కింద రాలిన పువ్వును ఎండబెట్టి అమ్ముకునేటందుకు ఎవరిది వాళ్లు తెల్లారంగనే ఏరుకుపోతున్నరు. తాళ్ల నడుమ పువ్వు మాత్రం పడ్డది పడ్డట్టే ఉన్నది. ఆకు మాయమై పువ్వు మిగిలితే అది గాలి పని ఎట్లయితది? ఆ ఇచిత్రం అప్పుడామెకు తట్టలేదు.

కల్వర్టు ఎక్కి జయప్రకాశ్ సార్‌కు ఫోన్ చేసింది. పెనుబల్లి వైపు ఆయన, ఆమె పని చూసే లెక్చరర్. "గాలికి కొట్టుకుపోయుంటాయిలే అమ్మా. పోయినేడు పిల్లల లెక్క పంపిస్తాను, కాస్త అటూ ఇటూ చేసి రాసెయ్. గళ్లు ఖాళీగా చూపిస్తే ఉద్యోగం ఎవరిస్తారు చెప్పు?" అన్నడు. సార్ చెడ్డోడేం కాదు, పిల్ల బాగుపడాలనే చెప్పిండు. శ్రావణి ఫోన్ పెట్టేసి కల్వర్టు దిగింది.

మర్నాడు తెల్లారకముందే పోయి చెట్టు చాటున నిలబడ్డది. ఎవరొచ్చిండ్రనుకున్నరు? కిరాయి గది ఎనక ఇంట్ల ఒంటిగ ఉండే ముసలామె, ముత్యాలు. చీపురు పట్టుకొని, నడుం వంచి, తాళ్ల లోపల ముచ్చటగ ఊడుస్తున్నది. పువ్వును పక్కకు జరిపి, ఆకును మాత్రం దూరంగ ఎత్తిపోస్తున్నది.

"అవ్వా! ఏంది నువ్వు చేసేది? నా చదువంత మట్టిల కలిపినవ్ గదా!" అని శ్రావణి అరిచింది.

ముత్యాలు బెదరలేదు. "నీ చెట్లే గద బిడ్డా? తాడు కట్టుకున్నవ్. కింద ఊడవకుంటే పువ్వు ఆకుల పడి ఖరాబైతది. మా దిక్కు ఎవరి చెట్టు కింద వాళ్ల ఇంటోళ్లు ఊడుస్తరు. నీకీడ ఎవలున్నరు?" అన్నది.

నోటి దాకా వచ్చిన తిట్లన్నీ అక్కడనే ఆగినయ్. గూడెంకు వచ్చినంక ఆ మాట ఆమెను అడిగినోళ్లు లేరు. ఇది గడి అవ్వా, ఆకు కోసం కట్టిన అని చెప్పొచ్చు. చెప్తే ఆ ముసలి మొఖం ఎట్లయితదో తలుచుకొని చెప్పలేకపోయింది.

"మంచి పని చేసినవ్ అవ్వా," అన్నది.

"మరి ఏరుకోవేంది? నీ పువ్వు నేను ముట్టొద్దు."

ఇద్దరూ కూసున్నరు. శ్రావణి ఏరింది, ముత్యాలు చూసింది. ఆకు రాలే కాలం అప్పటికే అయిపోయింది.

ఖమ్మంల ఇంటర్వ్యూ రోజు సంస్థ పెద్దాయన కాగితం తిప్పి చూసి, "ఈ ఖాళీ ఏందమ్మా?" అన్నడు. గాలికి పోయినయ్ సార్ అనే మాట నాలిక చివర తయారుగ ఉన్నది.

"మా అవ్వ ఊడ్చింది సార్."

అందరూ నవ్విండ్రు. "మీ అవ్వకు చెప్పుకోవద్దా?" అన్నడాయన.

"చెప్పలేకపోయిన సార్."

నౌకరి, గళ్లన్నీ నిండుగ నింపుకొచ్చిన ఇంకో పిలగానికి పోయింది. ఆ మహానుభావుడు అడవి మొఖం ఎన్నిసార్లు చూసిండో ఆ దేవునికే ఎరుక! శ్రావణి తాళ్లిప్పి, గది ఖాళీ చేసి, అక్క పక్కన బట్టల షాపుల నిలబడ్డది. పొద్దంత మాటలే, రంగులు, అంచులు, ధరలు. రాత్రికి మాత్రం ఇవాళ ఎవరితోటీ మాట్లాడలేదే అనిపించేది.

మళ్ల ఇప్పపూత కాలం వచ్చింది. ఒక సెలవునాడు ఎవరికీ చెప్పకుంట తొలి బస్సెక్కి పోయింది. ఐదు చెట్ల కిందా నేల నున్నగ ఊడ్చి ఉన్నది. అప్పుడే రాలిన పువ్వు పచ్చగ పడి ఉన్నది. చెట్టు చెట్టుకూ పక్కన, ఎవరూ ఏరక ఎండి నల్లబడ్డ పువ్వు కుప్పగ జరిపి ఉన్నది.

ముత్యాలు చీపురు పట్టుకొని నిలబడ్డది, నిన్ననే చూసినట్టు.

"ఎవల కోసం ఊడుస్తున్నవ్ అవ్వా?"

"నీ చెట్లే గదా. తాడు ఇప్పినవ్ గని ఇడిసిపెట్టి పోతున్న అని చెప్పలే." కుప్ప దిక్కు చెయ్యి చూపింది. "ఎంత పువ్వు పాడైందో చూడు. ఇంత ఆలస్యమా?"

శ్రావణి చెప్పులు ఇడిసి ఏరుకుంట కూసున్నది. కండ్లు మసకలై ఏది పువ్వో ఏది మన్నో తెలుస్తలేదు.

"జల్దీ ఏరు బిడ్డా, ఎండొస్తది," అన్నది ముత్యాలు.