డ్రైవర్లు కాని వాళ్లు

అద్దె ఇళ్ల ఏజెన్సీలో కంప్యూటరు ముందు కూర్చునే ఆ కుర్రాడి పని ఒక్కటే: ఇంటివాళ్లు వద్దన్నవాళ్లను ఏరి పారేయడం. కుక్కలున్నవాళ్లు వద్దు, పసిపిల్లలున్నవాళ్లు వద్దు, రాత్రి డ్యూటీలవాళ్లు వద్దు. ఎవరు కావాలో చెప్పిన మహానుభావుడు ఒక్కడూ తగల్లేదు. ఆ వద్దులన్నిటినీ 'కాని వాళ్లు' అనే షరతుగా మార్చి కంప్యూటరుకు పెట్టీపెట్టీ, సాయంత్రానికి అతని నోరు చేదెక్కేది.

మోకాళ్లు అరిగిపోయిన అతని పిన్ని మూడో అంతస్తులో ఉంటోంది. కింది వాటా కావాలని ఎప్పుడో పేరు రాయించింది. ఒక్క పిలుపూ రాలేదు.

"నీ డబ్బాలో నేనసలు బతికున్నానా?" అంది ఓరోజు మెట్ల మధ్యలో కూలబడి.

మర్నాడు వెతికాడు. పేరుంది. ఖాళీగా ఉన్న ఓ కింది వాటాకు ఇంటాయన అడిగింది డ్రైవర్లు కాని వాళ్లను. పిన్ని జన్మలో స్టీరింగు ముట్టలేదు. అయినా జాబితాలోకి రాలేదు. వృత్తి అన్న గడి ఖాళీగా వదిలేసింది మరి! ఖాళీని చూసి కంప్యూటరు డ్రైవరనీ అనదు, కాదనీ అనదు. ఏమో తెలీదని పక్కకు నెట్టేస్తుంది. ఆ షరతు రాసింది తనే. ఇలా ఎంతమందిని నెట్టేశాడో! తన వేళ్లను చూస్తే తనకే వెగటేసింది.

ఖాళీలు వదిలినవాళ్లు కూడా వచ్చేలా షరతు మార్చి, ఏజెన్సీ ఓనరుకు చెప్పాడు.

"తీసెయ్ రా బాబూ," అన్నాడు ఓనరు పళ్లు కుట్టుకుంటూ. "రాయలేదంటే ఏదో దాస్తున్నట్టే. మనకెందుకా పీడ?"

"మా పిన్ని ఏం దాస్తుందండీ?"

"అయితే ఆవిడది నింపుకో. మిగతావాళ్లు నీకేమన్నా చుట్టాలా?"

మార్చిన షరతు తీసేసి పాతదే పెట్టాడు. పిన్నికి ఫోన్ చేసి, వృత్తి ఏమని రాయాలో అడిగాడు.

"వండాను, తోమాను, మీ బాబాయి పోయేదాకా ఎత్తి కూర్చోబెట్టాను. దాన్నేమంటార్రా?"

"గృహిణి."

"అదే రాయి. జడ్జినని రాసినా నమ్మరుగా!"

వారం తిరక్కుండా కింది వాటా దొరికింది. సామాను దించుతుంటే పిన్ని అంది: "నా పై అంతస్తులో ఉండే తాతగారూ కింది వాటాకు పేరు రాయించార్రా. ఆయనకు మాత్రం పిలుపు రాదేం?"

మర్నాడు పొద్దున్నే అతను ఆఫీసుకెళ్లి, ఎవరినీ అడక్కుండా, ఖాళీలు వదిలినవాళ్లూ వచ్చే ఆ షరతును మళ్లీ పెట్టాడు.

జాబితా పొడవు చూసి ఓనరు మొహం విప్పారింది. అతని భుజం చరిచాడు.

"చూశావా? ఆ ఖాళీగాళ్లను తీసేయమన్నాను కాబట్టే మంచి పార్టీలు తగుల్తున్నాయి!"

కుర్రాడు ఆ పొడవాటి జాబితాలో తాతగారి పేరు వెతికాడు. దొరగ్గానే నంబరు నొక్కాడు.