తెర అవతల పెండ్లికార్డు

కంప్యూటరుకు కొబ్బరికాయ కొట్టిన పుణ్యాత్మురాలిని నేనే. చిత్తూరు బస్టాండు దగ్గర డీటీపీ సెంటరులో చేరి అప్పటికి నెల కూడా కాలేదు. ఆ షాపును తలుచుకుంటే ఇప్పటికీ వేడెక్కిన ప్రింటరు వాసన ముక్కుకు తగిలి, ప్రాణం లేచొస్తుంది. ఆయుధపూజ రోజు మిషన్లన్నిటికీ బొట్లు పెట్టి, "కొట్టు పాపా" అని ఓనరన్న కాయ నా చేతికిచ్చాడు. భక్తి ఎక్కువై బల్ల అంచుకేసి గట్టిగా కొట్టాను. నీళ్ళు సగం పళ్ళెంలో పడ్డాయి, సగం మానిటరు వెనక చిల్లుల్లోకి పోయాయి. పెద్ద మానిటరు టప్పుమని ఆరిపోయింది.

అన్న తిట్టలేదు. ఇంట్లో మూలనున్న చిన్న పాత మానిటరు తెచ్చి తగిలించాడు. "రేపు నేను దీన్ని రిపేరుకు తిరుపతికి తీసకపోతా. పెండ్లికార్డు కోసం బంగారుపాళ్యం ఆయనొస్తాడు. అది గాని ఇయ్యలేకపోతే నువ్వింక రావద్దు పాపా" అన్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేది. మా నాయన నన్ను పనికి పంపిందే ఇష్టం లేకుండా. "పలమనేరు నుంచి దినామూ బస్సులెక్కి పోయే పని ఆడపిల్లకెందుకు?" అనేవాడు. ఈ పని పోతే ఆయన నన్ను మళ్ళీ గడప దాటనివ్వడు.

మర్నాడు విజయదశమి, శుక్రవారం. పెండ్లికూతురి తండ్రి పది గంటలకే వచ్చి కూర్చున్నాడు. మామిడితోటల రైతు. "పదిన్నరకు రాహుకాలం పాపా. ఆలోపల కార్డు నా చేతిలో పడాల" అన్నాడు.

కార్డంతా తయారుగానే ఉంది, ప్రింటు తీయడమే మిగిలింది. తెరిచాను. తెర అడుగు పట్టీలో దాని పేరు కనబడుతోంది, కార్డున్న విండో మాత్రం ఎక్కడా లేదు. మూసి మళ్ళీ తెరిచాను. అదే కథ. కాసేపటికి గానీ బుర్రకెక్కలేదు. పెద్ద తెర మీద నేను దాన్ని కుడి చివరకు జరిపి పెట్టుకున్నాను. ఈ చిన్న తెరకు ఆ చివరే లేదు. విండో తెరుచుకుంటోంది, కాకపోతే తెర అవతల. మౌసుతో లాగుదామంటే పట్టుకోవడానికి అంచు కూడా కనబడదు.

"యాడికి పోయింది పాపా మా కార్డు?"

"ఈడే ఉండాది పెద్దాయనా, కనపడలేదంతే" అన్నాను.

నేను కంప్యూటరు నేర్చుకున్న చోట ముగ్గురికి ఒక మిషను. మౌసు ఎప్పుడూ మగపిల్లల గుప్పిట్లోనే ఉండేది. అడిగితే "నువ్వు టైపు కొట్టుకోపో" అనేవాళ్ళు. ఆ కడుపుమంటతో, మౌసు ముట్టకుండా చేయగలిగే పనులన్నీ నోటుబుక్కులో రాసుకుని బట్టీ కొట్టాను. ఆ పేజీలు ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకున్నాను. ఆల్ట్ పట్టుకుని స్పేస్ నొక్కాను. చిన్న జాబితా వచ్చింది. అందులో జరపడానికి ఎం అక్షరం నొక్కాను. తర్వాత ఎడమ బాణం అదిమి పట్టాను. ఏమీ రాలేదు. వదల్లేదు. కుడి అంచున సన్నటి గీత కనిపించింది, దాని వెనకే పసుపురంగు కార్డు మెల్లగా లోపలికి జరిగింది.

"వస్తా ఉండాది, వస్తా ఉండాది! ఇడవద్దు పాపా!" పెద్దాయన లేచి నిలబడ్డాడు, బావిలో పడ్డ బిందె గాలానికి చిక్కినట్టు.

రాహుకాలానికి ఐదు నిమిషాలుండగా కాగితం ఆయన చేతిలో పెట్టాను. నాలుగు మూలలా పసుపు రాసి కళ్ళకద్దుకుని, "మొదటిది తిరుమల కొండకు, స్వామికి" అన్నాడు. తర్వాత మా నాయన పేరూ ఊరూ అడిగి రాసుకున్నాడు. సాయంత్రం సంగతంతా విని ఓనరన్న, "రేపు బిన్నే, పొద్దున్నే రా, పనుండాది" అన్నాడు.

పదిరోజులకు మా ఇంటికి ఆ పెండ్లికార్డు వచ్చింది, నాయన పేరు మీద. నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. పెండ్లికి నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. భోజనాల బంతిలో కూర్చున్నాక జేబులోంచి కార్డు తీసి, పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషికి చూపించాడు.

"దీన్ని సేసింది మా పాపేనప్పా. చిత్తూరులో పని సేస్తాది."

నేను ఎదురు వరసలోనే ఉన్నాను. ఆ రోజు మారు అడిగి మరీ అన్నం పెట్టించుకున్నాను.