పుంత మీద సీమోను మాస్టారు

సీమోను మాస్టారికి కోపం ముక్కు మీద ఉంటుందని ఊళ్లో అనుకునేవారు. తప్పు. ఆయన కోపం అరచేతిలో ఉండేది. ముక్కు మీద ఉంటే ఎదుటివాడు చూసి తప్పుకోవడానికి కాస్త వ్యవధి దొరికేది. రాజోలు చుట్టుపక్కల హైస్కూళ్లలో డ్రిల్లు మాస్టారిగా చేసినన్నాళ్లూ తన పీరియడ్‌లో దెబ్బ తినని మగపిల్లాడంటూ లేకుండా చూసుకున్నారు. పిల్లలతో ఆగితే బాగుండేది. ముసలావిడ ఎక్కకముందే విజిలేసిన బస్సు కండక్టర్ని మెట్ల మీంచి లాగి కొట్టారు. చర్చి కమిటీ మీటింగులో మాటా మాటా పెరిగి ట్రెజరర్ గారి చొక్కా చింపారు. మళ్లీ ఆ ఆదివారం అదే ట్రెజరర్ గారి పక్కన కూర్చుని, ఒకే పుస్తకంలో చూసి పాట పాడారు కూడాను. ట్రెజరర్ గారు మాత్రం కొంచెం జరిగి కూర్చున్నారు.

అలాంటి మనిషికి చెట్లన్నా నీళ్లన్నా ప్రాణమంటే ఎవరూ నమ్మరు. అయినా అది నిజం. ఉద్యోగంలో ఉండగా ఒకసారి స్కౌట్ పిల్లల్ని తీసుకుని మారేడుమిల్లి క్యాంపుకి వెళ్లారు. అడవి దారిలో వీపున సంచులు తగిలించుకుని నడుస్తున్న రెండు కుటుంబాలు కనిపించాయి. ఎక్కడికండీ అని అడిగితే, ఎక్కడికీ కాదండీ, ఊరికే నడుస్తున్నాం అన్నారట. ఆ మాటకు మాస్టారు నిలబడిపోయారు. ఆయన పుట్టిన పేటలో ఊరికే నడిచిన మనిషి లేడు. కోతకు నడవాలి, నాట్లకు నడవాలి, కబురు మోసుకుని నడవాలి. చూడ్డానికి నడవడమనేది ఒకటుందని ఆయనకు ఆ రోజే తెలిసింది. తెలిసింది మొదలు వదల్లేదు. కోరంగి మడ అడవిలో చెక్కల వంతెన మీద నడిచారు, ఓడలరేవు ఇసుకలో నడిచారు. రిటైరయ్యాక గుడారం కూడా కొన్నారు. డాబా ఇల్లు పెట్టుకుని గుడ్డ కింద పడుకోవడమేం ఖర్మండీ అని భార్య సుగుణ వేళాకోళం చేసేది. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి మానిన మనిషి. పడుకోవడానికి మంచం ఉండటమే భాగ్యమని ఆవిడ అభిప్రాయం.

ఎన్ని చోట్లు తిరిగినా మాస్టారికి అన్నిటికంటె ఇష్టమైన నడక సొంత ఊళ్లోనే ఉంది. పేట చివర మొదలై పొలాల మధ్యగా ఏటి దాకా పోయే పుంత దారి అది. దాని కొసన మడచెట్ల మధ్య చిన్న పార్కు కట్టారు. నాలుగు బల్లలు, ఎక్కి చూడ్డానికో మంచె, శనాదివారాల్లో గుడారం వేసుకునేందుకు చదును చేసిన చోటు. మంచె ఎక్కితే వశిష్ఠ గోదావరి సముద్రం వైపు వెడల్పవుతూ పోవడం కనిపిస్తుంది. రోజూ పొద్దున్నే తెల్ల బూట్లు తొడుక్కుని, ఆ పుంత మధ్యలో, అంచున కాదు సరిగ్గా మధ్యలో, నడుచుకుంటూ వెళ్లేవారు.

మధ్యలో ఎందుకో సుగుణకు తెలుసు. మాస్టారు మూడో తరగతిలో ఉండగా ఆయన తండ్రి రేవు దాటి నర్సాపురంలో కొత్త చెప్పులు కొనుక్కున్నాడు. కొడుకు చెయ్యి పట్టుకుని ఈ పుంత మీదే వస్తున్నాడు. పక్క పొలం ఆసామి ఎదురొచ్చి, చెప్పులిప్పి నడవమన్నాడు. ముళ్లున్నాయండీ అన్నాడు తండ్రి. అంతే. చెర్నాకోలతో ముఖం మీద మొదలెట్టి, పడేదాకా కొట్టాడు ఆసామి. పడ్డాక చేతి వేళ్లమీద ఎక్కి నిలబడ్డాడు. పిల్లాడు నిలబడి చూశాడు, తర్వాత పరిగెత్తి చెరుకు తోటలో దాక్కున్నాడు. తండ్రి ఆ చేత్తో మళ్లీ కొడవలి పట్టలేకపోయాడు. తనని ఎవడూ కొట్టలేని ఒళ్లు కావాలనే సీమోను దండీలూ బస్కీలూ మొదలెట్టాడు, అందుకే డ్రిల్లు మాస్టారయ్యాడు. ఇక ఆ పుంత మీద బూట్లతో నడవడమంటే ఆయనకు ఆరోగ్యం కోసం నడవడం కాదు. అది పోతే తన బతుకులో ఏమీ మిగలదని సుగుణతో ఒకసారి అన్నారు.

ఆ ఆసామి ఎప్పుడో పోయాడు. కొడుకులు పొలం అమ్ముకున్నారు. వరి పోయి రొయ్యల చెరువులొచ్చాయి. ఇప్పుడు వాటిని చేసేవాడు నాగదుర్గాప్రసాద్. వాళ్ల నాన్న సముద్రం మొగలో వల వేసుకుని బతికినవాడు. ఆ ఆసామితో వీళ్లకు చుట్టరికం లేదు సరికదా, ఆ రోజుల్లో వీళ్లనూ అతను తన గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు. చెరువుల దగ్గర కాపలా ఉండేది ప్రసాద్ మేనల్లుడి వరసవాడు చిన్నబ్బాయి. పంటలో వాడికో చిన్న వాటా ఉంది. వాడూ మాస్టారి శిష్యుడే. తెల్లవారుజామున తండ్రితో వల లాగి, స్కూలుకు ఆలస్యంగా వచ్చి, రోజూ దెబ్బలు తిన్న శిష్యుడు.

ఆ ఏడాది చుట్టుపక్కల చెరువుల్లో తెల్లమచ్చ తెగులు పడింది. సాయంత్రం బాగున్న రొయ్య తెల్లారేసరికి గట్టు పట్టి చచ్చేది. ఒక చెరువు బురద తొక్కిన కాలు ఇంకో చెరువు గట్టు తొక్కితే తెగులు వస్తుందని రైతులందరూ గట్ల మొదట్లో మందు నీళ్ల తొట్లు పెట్టారు. పుంత ఇప్పుడు చెరువుగట్టు మీంచే పోతుంది కాబట్టి ప్రసాద్ కూడా ఒక ప్లాస్టిక్ తొట్టి పెట్టాడు. దారిన పోయేవాళ్లు చెప్పులో బూట్లో విడిచి, చేత్తో పట్టుకుని, కాళ్లు అందులో ముంచి, గట్టు దాటాక తొడుక్కోవాలి. ప్రసాద్ ముంచేవాడు. మేత వేసేవాళ్లు ముంచేవాళ్లు. నడకకొచ్చే తక్కినవాళ్లంతా ముంచేవాళ్లు.

మాస్టారికి ఇదంతా వినిపించలేదు. బూట్లిప్పండి అన్న మాట ఒక్కటే వినిపించింది. ఎగిరి తంతే తొట్టి చెరువులో పడింది. మర్నాడు చిన్నబ్బాయి ఇంకో తొట్టి పెట్టి, చేతులు జోడించి, కుటుంబాలు నాశనమైపోతాయండీ అని బతిమాలాడు. మాస్టారు ఆ తొట్టినీ తన్ని, వాడి చెంప పగలగొట్టి, పుంత మధ్యలో నడుచుకుంటూ పార్కుకు వెళ్లారు. చిన్నబ్బాయి చెంప రుద్దుకుంటూ తొట్టి తెచ్చుకున్నాడు. చిన్నప్పటి అలవాటే కదా.

అదయ్యాక ఒక వారం మాస్టారు అంతర్వేది వైపు నడకకు వెళ్లారు. అటు చెరువుల్లో రొయ్యలు అప్పటికే చచ్చి కంపు కొడుతున్నాయి. ఆ గట్ల మీదే నడిచి, అదే బూట్లతో తిరిగొచ్చి, శనివారం సాయంత్రం సుగుణను వెంటబెట్టుకుని, తను బూట్లిప్పకుండానే గట్టు దాటి, పార్కులో గుడారం వేశారు. ఆవిడ గుడారంలో పడుకోవడం అదే మొదటిసారి. పొద్దున్నే మంచె ఎక్కించి ఏరు చూపించారు. నీళ్ల మీద మంచు, దానిలోంచి జనాన్ని ఏరు దాటించే పంటు సఖినేటిపల్లి రేవుకు రావడం చూసి ఆవిడ, ఇన్నేళ్లూ ఎందుకు తీసుకురాలేదండీ అని మాత్రం అంది. మాస్టారికి ఆనందం పట్టలేకపోయింది.

తిరిగి వస్తుంటే చెరువుగట్టు మీద ప్రసాదూ, చిన్నబ్బాయీ నిలబడి ఉన్నారు. నీటి అంచునంతా రొయ్యలు తెల్లగా తేలి ఉన్నాయి. ప్రసాద్ కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. తెగులు మాస్టారి కాళ్లతోనే వచ్చిందో, కొంగల ముక్కులతో వచ్చిందో, కాలవ నీళ్లతో వచ్చిందో చెప్పగలిగిన మొనగాడు ఈనాటికీ లేడు. ప్రసాద్‌కి మాత్రం కనిపిస్తున్నది ఆ తెల్ల బూట్లే.

"మేస్టారూ, చూసేరాండీ? మీ కాళ్ల పనండీ ఇది," అన్నాడు రొయ్యల్ని చూపిస్తూ.

మాస్టారు దారి వదలమన్నారు. ప్రసాద్ వదలకపోగా గుడారం సంచి లాగి చెరువులో విసిరేశాడు. మాస్టారి పిడికిలి వాడి ముక్కు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు సుగుణకు కూడా వినిపించింది. ప్రసాద్ ముఖం పట్టుకుని మోకాళ్ల మీద కూలబడ్డాక మాస్టారు ఆగి ఉండొచ్చు. ఆగలేదు. జుట్టు పట్టుకుని ముఖం పైకెత్తి రెండోసారి కొట్టారు, పన్ను ఊడి బురదలో పడింది. అప్పుడు చిన్నబ్బాయి చెరువు నీళ్లు చిలికే ఏరియేటర్ తాలూకు ఇనప గొట్టం అందుకున్నాడు.

"మేస్టారండీ, వదిలెయ్యండి. మిమ్మల్ని కొట్టించకండి నాచేత," అన్నాడు.

వదల్లేదు. గొట్టం మోకాలి చిప్ప మీద పడింది. ఇంకోసారి పడింది. మా గోదావరి మర్యాద ఇలాగే ఉంటుంది, కాలు విరగ్గొట్టేటప్పుడు కూడా అండీ పోదు. మాస్టారు పడుతూ పడుతూ చిన్నబ్బాయి చొక్కా పట్టుకున్నారు. ఇద్దరూ గట్టు మీంచి దొర్లి నీళ్లలో పడ్డారు. అక్కడ నడుంలోతు కూడా లేదు. మాస్టారు వాడి వీపు మీద కూర్చుని, రెండు చేతులతో మెడ పట్టుకుని, చచ్చిన రొయ్యల మధ్య ముఖాన్ని బురదలోకి నొక్కారు. కాలి నొప్పి తెలియలేదు. చేతుల కింద ఒక మెడ ఉంది, అది కొట్టుకుంటోంది, ఆయనకు హాయిగా ఉంది. చెప్పుకోకూడని మాటే గాని, హాయిగానే ఉంది. ఇన్నేళ్లూ కొట్టిన దెబ్బల్లో ఒక్కటి కూడా ఇంత హాయినివ్వలేదు.

సుగుణ సంచిలోంచి జారి గట్టు మీద పడి ఉన్న గుడారం గడ ఒకటి తీసుకుని నీళ్లలోకి దిగి, మొగుడి తల మీద కొట్టింది. వదల్లేదు. చెవి మీద కొట్టింది. అప్పుడూ వదల్లేదు. రెండు చేతులతో ఎత్తి మణికట్ల మీద కొట్టింది. అప్పుడు వేళ్ల పట్టు ఊడింది. ఆవిడే చిన్నబ్బాయిని తిప్పి, నోట్లో బురద వేళ్లతో తీసి, వీపు మీద చరిచింది. వాడు దగ్గేదాకా ఆపలేదు.

అమలాపురం ఆసుపత్రిలో ముగ్గురికీ కట్లు కట్టారు. కేసులు పెట్టుకుంటే రెండు వైపులా జైలేనని పెద్దలు రాజీ కుదిర్చారు. మాస్టారి మోకాల్లో స్టీలు పలక వేశారు. సుగుణ అన్నం పెట్టింది, మందులేసింది, పలకరించలేదు. డిశ్చార్జి చేసే రోజు పొద్దున మంచం పక్కన కూర్చుని అంది.

"మీ నాన్నగారిని కొట్టినోడు ఎప్పుడో పోయేడండీ. ఈ కుర్రోడి పీక ఎందుకు పట్టుకున్నారు?"

మాస్టారు గోడవైపు తిరిగి పడుకున్నారు. ఎందుకు పట్టుకున్నారో ఆయనకు తెలుసు. పోయినవాడి పీక దొరకదు కాబట్టి దొరికినదాన్ని పట్టుకున్నారు.  చెరుకు తోటలో దాక్కున్నప్పుడు కూడా ఇంత సిగ్గు పడలేదు ఆయన.

చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, మళ్లీ నీళ్లు పెట్టి, రొయ్య పిల్ల వేసే నాటికి మాస్టారు కుంటుకుంటూ లేచి తిరుగుతున్నారు. వీధి చివరిదాకా వెళ్లడం, పుంత మొదట్లో నిలబడటం, తిరిగి రావడం. ఏరు చూడకపోతే అన్నం సయించేది కాదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, వెళ్దాం పద అన్నారు సుగుణతో.

పుంత మొదట్లో తొట్టి ఉంది. ప్లాస్టిక్‌ది కాదు. తన్నితే పోకుండా ఈసారి సిమెంటుతో ఎత్తుగా కట్టారు. సుగుణ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు పట్టుకుని, అందులో దిగి అవతలికి ఎక్కింది. ఎక్కి నిలబడి చూసింది. మాస్టారు వంగి బూట్లు విప్పుకున్నారు. అది ఆయనకు ఎంత కష్టమైందో చెప్పినా మీరు నమ్మరు. విప్పి, ఆరోగ్యంగా ఉన్న కాలు ముందు లోపల పెట్టారు. విరిగిన కాలు లేవలేదు. స్టీలు పలక వేసిన మోకాలు ఆ గోడ ఎత్తుకు వంగలేదు. సగం తొట్టిలో, సగం బయట, పట్టుకోవడానికి ఏమీ లేక ఊగిపోయారు.

గుడిసె దగ్గర మేత సంచులు సర్దుతున్న చిన్నబ్బాయి చూశాడు. కొంతసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత వచ్చి, ఆయన ముందు వంగి, తను విరగ్గొట్టిన కాలిని రెండు చేతులతో ఎత్తాడు. ఒంటికాలి మీద మాస్టారు తూలారు. చెయ్యి దానంతటదే వంగి ఉన్న వాడి మెడ మీద పడింది. ఆ మెడ ఒక్కసారిగా బిగుసుకుపోయింది. వాడి ఊపిరి ఆగిపోవడం మాస్టారికి అరచేతిలో తెలిసింది. కాలు మాత్రం వాడు వదల్లేదు.

"భయపడకురా," అన్నారు మాస్టారు. "పడిపోతానని పట్టుకున్నాను."

"ఆయ్," అన్నాడు చిన్నబ్బాయి. కాలు నీళ్లలో ముంచి అవతల పెట్టేదాకా వాడు ఊపిరి పీల్చుకోలేదు.