పడవలో ఆగిపోయిన బొమ్మ

వాన వెలిశాక పుస్తకాల బీరువా తెరిస్తే చెమ్మ పట్టిన చవక కాగితం వాసన వస్తుంది. ఆ వాసన నన్ను ఏలూరు నుంచి తిన్నగా కొల్లేటి లంకలో మా తాటాకింటికి, అక్క మంచం దగ్గరికి లాక్కుపోతుంది.

పందొమ్మిదివందల యాభైల్లో, క్రిస్మస్ దగ్గరపడి గూడబాతులు దిగే రోజుల్లో, అమ్మ అరిసెలకు బియ్యం నానబోసే వేళకి క్రైస్తవ మిషను వాళ్లు పంచే పాతబట్టల మూట కైకలూరు నుంచి పడవలో వచ్చేది. ఒక ఏడు ఆ మూటలో, మందపాటి ఉన్ని కోటు మడతల్లో ఒక బొమ్మల పుస్తకం దొరికింది. అమెరికా పత్రికల్లో రోజుకో బొమ్మల వరస చొప్పున వచ్చిన సాహసగాథను ఆస్ట్రేలియాలో పుస్తకంగా కుట్టి అమ్మేవారని చాలాకాలానికి చదివి తెలుసుకున్నాను. ఐదో తరగతితో బడి మానేసినా, ఏలూరులో పిన్ని ఇంట ఉన్నన్నాళ్లూ లైబ్రరీలో నిఘంటువు ముందేసుకుని ఇంగ్లీషు నేర్చుకున్నదాన్ని. పన్నెండేళ్లకే ఆ గర్వం తలకెక్కింది.

అక్కకి క్షయ. వలలు అల్లిన చేతులు దుప్పటి మీద ఊరికే పడి ఉండేవి. నేను మాటమాటకీ అర్థం చెబుతుంటే కళ్లు ఆర్పకుండా బొమ్మలు చూసేది. చివరి పేజీలో కథానాయకుడు తుఫాను మబ్బుల కింద పడవలో ఒంటరిగా కూర్చుని ఉంటాడు. అతని తల నుంచి చిన్న చిన్న సున్నాలు పైకి లేస్తుంటాయి.

“అయ్యో, మునిగిపోయాడే! బుడగలొస్తన్నాయి చూడు,” అంది అక్క.

“నీ మొహం! బుడగలు కాదు, ఆలోచనలు. మనసులో అనుకునేవి అలా గీస్తారు.”

“బుడగ లేచిందంటే కింద ప్రాణమున్నట్టే. కొల్లేట్లో పుట్టినదానికి నువ్వు చెప్పొస్తావా, లైబ్రరీ పంతులమ్మా?” నవ్వబోయి దగ్గింది. ఆయాసం తగ్గాక మెల్లిగా అడిగింది: “మరి తేలతాడంటావా?”

తరువాయి వచ్చే సంచికలో అని ఉంది.

“పుస్తకంలో లేదక్కా. లేనిది ఎలా చెప్పను?”

ఆ వారంలో ఇంకో రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అదే చెప్పాను. నానబోసిన బియ్యం దంచకుండానే పులిసిపోయింది. అక్కను లంక చివర దిబ్బ మీద మట్టిలో పెట్టి వచ్చాం.

“చివరాఖరికి నిన్నేం అడిగిందే?” అని అమ్మ ఏళ్ల తరబడి అడిగేది.

“నీళ్లడిగిందమ్మా,” అనేదాన్ని. లేనిది చెప్పడం అప్పుడు చేతనయింది.

ఇప్పుడు అమ్మ లేదు, మిషను మూటలు లేవు, మా లంక ఉన్నచోట ఎవరివో చేపల చెరువులు. మొన్న ఆ కథ మొత్తం దొరికితే కూర్చుని చదివాను. మర్నాటి పత్రికలోనే అతను ఒడ్డెక్కాడు. అక్క అడిగేనాటికే ఆ సంగతి దేశం కాని దేశంలో ఊరంతటికీ తెలుసు.