విస్సన్నపేటలో కుట్టిన చెవులు

ఈమధ్య నగల దుకాణాల్లో చెవులు కుట్టడానికి ఒక మూల ఉంటోంది. గాజు తలుపు తీయగానే స్పిరిటు వాసన, ఏసీ చలి, పిల్ల ఏడవకుండా ఎదురుగా ఫోనులో బొమ్మలు. మొన్న నా మనవరాలిని తీసుకెళ్తే, కుర్చీలో కూర్చోబెట్టిన దగ్గర్నుంచి దింపేదాకా నాలుగు నిమిషాల్లో పని అయిపోయింది. ఎక్కడ కుట్టించాలన్న మాటే ఇంట్లో రాలేదు. కారు ఆపుకోవడానికి చోటున్న దుకాణం చూసుకున్నారు, అంతే. పిల్ల మేనమామ ఆ సమయానికి ఆఫీసులో ఉన్నాడు. స్పిరిటు వాసనకి తల తిరుగుతోందని చెప్పి నేను బయట మెట్టు మీద కూర్చున్నాను గానీ, నిజానికి చాలా పాత అలసట ఏదో వచ్చి మీద పడింది.

మా చెల్లెలు బుజ్జికి చెవులు ఎక్కడ కుట్టించాలన్న మాట డెబ్బైల చివర్లో ఒక ఎండాకాలమంతా తిరువూరులో మా ఇంట్లో నడిచింది. ఆడపిల్లకి బేసి ఏట కుట్టాలి. దానికి ఐదో ఏడు నడుస్తోంది, శ్రావణం వస్తే ఆరులో పడుతుంది. ఆ లెక్క వేళ్ళ మీద వేసి నాయనమ్మకు చెప్పింది నేనే. నాకప్పుడు పదేళ్ళు. బడిలో నేర్పినవి ఎక్కాలే. గోలెం నిండడానికి ఎన్ని బిందెలు, వాకిట్లో నీడ ఏ నెలలో ఎన్ని అడుగులు, ఏ బస్సు ఎంతసేపటికి వస్తుంది, ఇవన్నీ నా అంతట నేనే కట్టుకుంటూ తిరిగేదాన్ని.

పిల్లను మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టాలి. చిక్కంతా అక్కడే. అమ్మకు అన్న, రెడ్డిగూడెంలో మామిడితోట ఉన్న మావయ్య, రెండేళ్ళుగా మా గడప తొక్కడం లేదు. మా గృహప్రవేశానికి నాన్న స్వయంగా వచ్చి బొట్టుపెట్టి పిలవకుండా కార్డు ముక్క రాసి పడేశాడని ఆయన కోపం. కార్డు అందీ రాలేదని, పుట్టింటి బట్టలు లేకుండా అమ్మ పీటల మీద కూర్చోవలసి వచ్చిందని నాన్న కోపం.

నాయనమ్మ నెమలి వేణుగోపాలస్వామి గుళ్ళో కుట్టిద్దామంది. దానికి మావయ్య తిరువూరులో బస్సు మారాలి. "వాళ్ళ వీధి మొగలో సంచీతో నిలబడి బస్సు కోసం చూడమంటారా నన్ను?" అని ఆయన దగ్గర్నుంచి కబురు. పోనీ రెడ్డిగూడెంలో అంటే, "నా కూతురి చెవులకి వాళ్ళ గడప ఎక్కాలా?" అని నాన్న. అమ్మ మాత్రం ఒకటే పట్టుకుంది: మన ఇంట్లో, మన కంసాలి చేత. మేనకోడల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోనని ఏ మేనమామా అనలేడు కనుక, నాన్న ఒక్కసారి వెళ్ళి పిలిస్తే చాలు, అన్న వచ్చి తన ఇంట్లో అన్నం తింటాడు. ఆమెకు కావలసింది అదే. పొద్దున కాఫీ దగ్గర, మధ్యాహ్నం మజ్జిగ దగ్గర, ఆవకాయ ముక్కలు తుడుస్తూ, వడియాలు తిరగేస్తూ, గొంతు పెంచకుండా నెల పొడుగునా అదే చెప్పింది. చివరికి ఓ శనివారం నాన్న ఇస్త్రీ చొక్కా తీసి కొక్కేనికి తగిలించాడు. "సరేలే, రేపు పొద్దున బస్సుకెళ్ళి పిలిచొస్తా" అన్నాడు, గోడవైపు చూస్తూ.

ఆ సాయంత్రమే నేను పలక పట్టుకుని వెళ్ళాను.

"నాన్నా, విస్సన్నపేట అయితే మనకీ మావయ్యకీ సమానం. బస్సులో కూర్చునేదీ, బస్సు కోసం నిలబడేదీ రెండూ కలిపి చూశా. ఎవరూ ఎవరింటికీ వెళ్ళక్కర్లేదు."

నాన్న పలక వంక చూశాడు. ముఖం తేటపడింది. "ఓసి నీ దుంపతెగ! ఇంతమంది పెద్దాళ్ళం నెల్రోజులుగా కొట్టుకుంటున్నాం, ఈ ఆలోచన ఒక్కళ్ళకన్నా వచ్చిందా?" చొక్కా మళ్ళీ పెట్టెలోకి వెళ్ళింది. నాయనమ్మ నాకు మెటికలు విరిచింది. పిండి కలుపుతున్న అమ్మ వెనక్కి తిరగలేదు.

విస్సన్నపేటలో ఆచారి గారి అరుగు మీద బొగ్గుల కుంపటి వేడి, పసుపు కలిపిన కొబ్బరినూనె వాసన. మావయ్య మామిడిపళ్ళ బుట్టతో వచ్చి బుజ్జిని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. నాన్న ఎదురుగా కూర్చుని దాని తల పట్టుకున్నాడు. ఇద్దరి మోకాళ్ళూ తగులుతున్నాయి.

"అమ్మడూ, మీ నాన్నకి చెప్పు, తల కదలనివ్వొద్దని."

"మీ మావయ్యకి చెప్పు, ముందు ఆయన్ని కదలకుండా కూర్చోమని."

ఆచారి గారు బంగారు తీగ పక్కన పెట్టారు. "మీ ఇద్దరి నోళ్ళూ ఎవరు కుట్టారో గానీ గట్టిగానే కుట్టారండీ. ఈ పిల్ల చెవులు నన్ను కుట్టనివ్వండి."

బుజ్జి కేకకు వీధిలో కుక్క లేచింది. అమ్మ బుజ్జి నోట్లో బెల్లం ముక్క పెట్టి, అందరికీ నానిన శనగలూ చలిమిడీ పంచింది. మావయ్య తన వంతు నిలబడే తిన్నాడు. ముందు ఆయన బస్సే వచ్చింది. "వస్తానే చెల్లీ" అని బుట్ట నా చేతుల్లో పెట్టి ఎక్కేశాడు.

తిరుగు బస్సులో ఆ బుట్ట అమ్మ ఒళ్ళో ఉంది. "లెక్క సరిపోయింది కదమ్మా?" అన్నాను గొప్పగా.

"సరిపోయిందే. వాళ్ళిద్దరికీ బాగా సరిపోయింది" అంది కిటికీలోంచి చూస్తూ.

ఆ మాట అర్థమవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. తరవాత బుజ్జి ఓణీలూ, నా పెళ్ళీ అన్నీ విస్సన్నపేటలోనే జరిగాయి. ఒకసారి మధ్య చోటు దొరికాక ఇద్దరిలో ఎవరికీ ఒక్క అడుగు తగ్గవలసిన అవసరం రాలేదు.

ఇప్పుడు ఆచారి గారి అరుగు లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. తిరువూరు ఇల్లు చేతులు మారింది. నాన్నా లేడు, మావయ్యా లేడు. పేచీ పెట్టేవాళ్ళూ లేరు, మేనమామ వచ్చేదాకా ఆగేవాళ్ళూ లేరు. ఆ ఇంట్లో మావయ్య అడుగుపెట్టింది మొత్తం ఒక్కసారి. ఆ రోజు ఎవరూ వెళ్ళి పిలవలేదు, ఆయనే వచ్చాడు. నాన్న గుమ్మం దాకా ఎదురెళ్ళి "రండి బావగారూ" అన్నాడు. ఆ మాట కోసం అన్నేళ్ళు చూసిన అమ్మను అప్పటికే చాప మీద పడుకోబెట్టి ఉంచాం.