చింతచెట్టు నుంచి పదకొండు అడుగులు

నాలుగేళ్ల కిందటి మాట. కళ్యాణదుర్గం బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ, నేను పట్టుకున్న, భూముల రీసర్వేలో కొలతలకు వాడే రోవర్ కర్రను చాలాసేపు చూసింది.

"ఇదేం చేస్తాదప్పా?"

"భూమ్మీద ఏ చోటునైనా రెండు వేళ్ల తేడా లేకుండా చూపిస్తుందమ్మా," అన్నాను, కాస్త గర్వంగానే.

"అట్లయితే మా పాపను చూపిస్తాదా? చేన్లోనే పూడ్చినాము. పసిబిడ్డ కదా, రాయి పెట్టలేదు. చింతచెట్టు కాడ నుంచి నా అడుగులు పదకొండు. మొన్న మా మరిది ఆ చెట్టు కొట్టేసి, చేను చదును చేయించినాడు."

చెట్టు ఉన్న చోటు తెలిస్తేనే అక్కడి నుంచి కొలవగలం. మా పటాల్లో గట్లే తప్ప చెట్లు ఉండవు. ఆ మాటే చెప్పాను.

ఆమె దిగేముందు కర్ర కింది ఇనుపమొనను కొంగుతో తుడిచి, "యాడ గుచ్చినా మెల్లగా గుచ్చు నాయనా," అంది.